పదకొండో పెట్టె

వద్దు, వద్దు, వద్దు! ఆ ప్లగ్గు అక్కడే వదిలేయండి నెవేనా గారూ, మీకు పుణ్యముంటుంది. చూడ్డానికొచ్చాను, చూశాను, అయిపోయింది. వినక్కర్లేదు.

అయినా మీరేంటండీ, ఆ రేటుకి ఎవరైనా పెడతారా? ఇంటర్నెట్లో పెట్టేముందు ఈ ప్లోవ్‌దివ్‌లో ఎవర్నైనా అడగొద్దూ? “పాత గిటారు యాంప్లిఫయర్. పనిచేస్తుంది. చాలా బరువు. త్వరగా తీసుకెళ్ళండి.” ఇదీ ప్రకటన! ఫోటోలో సగం వాషింగ్ మెషీన్. మిగతా సగంలో పెట్టె, దాని మీద ఆరేసిన తువ్వాలు. తువ్వాలు కిందనుంచి తిప్పే గుండీలు రెండు బయటికి కనిపిస్తున్నాయి. చాలవూ, నా కొంప ముంచడానికి ఆ రెండు గుండీలు?

వాయించేవాడు పెట్టే ప్రకటన అలా ఉండదండీ. లోపల ఎన్ని గాజు వాల్వులు, ఏ స్పీకరు, ఏ ఏడాది, అన్నీ ఉంటాయి. చివర్న “కాలక్షేపం గాళ్ళు రావద్దు” అని ఓ బెదిరింపు కూడా ఉంటుంది. “చాలా బరువు” అని రాసేది మాత్రం ఇంటావిడే. ఏళ్ళ తరబడి దాన్ని జరిపి జరిపి కింద తుడిచిన మనిషే రాస్తుంది ఆ మాట. అది కనబడితే చాలు, మాలాంటోళ్ళకి నోట్లో నీళ్ళూరతాయి. ఈవిడకి దీని విలువ తెలీదురా, పరిగెత్తు అనిపిస్తుంది. నీచమైన బుద్ధి. నాకు తెలుసు. తెలిసీ పరిగెత్తుకొచ్చాను.

పైగా ఫోన్లో బేరం! గుర్తుంది కదా మీకు? “మూల చెక్క కాలిందంటున్నారు, గుడ్డ చిరిగిందంటున్నారు, కాస్త చూసి చెప్పండమ్మా” అని ఎంత తియ్యగా అడిగాను. మీరేమో పాపం సరే అన్నారు. నేనిటు ఫోను పెట్టేసి వంటింట్లో చిందులు తొక్కాను.

తీరా కింద గుమ్మం దగ్గరికొచ్చేసరికి తలుపు మీద చావు కబురు అతికించే ఆ నల్ల అంచు కాగితం. నలభయ్యో రోజు అని రాసి ఉంది. పైన ఫోటో. బెల్లు మీద ఏ పేరుందో కాగితం మీదా అదే పేరు. మీ ఆయన లాచెజార్! జుట్టు తెల్లబడింది గానీ ఒకప్పుడు నేను చూసిన ఆ గడ్డం, ఆ పొగరు చూపు, అవే. నెత్తి కొట్టుకున్నానండీ. చచ్చినవాడి పెట్టెకి అతని పెళ్ళాం దగ్గర బేరమాడానా అని. వెనక్కి తిరిగాను కూడా, నిజం. ఈలోగా మీరు పైనుంచి తలుపు తెరిచే బజర్ నొక్కేశారు. తెరుచుకున్న తలుపు ముందునుంచి ఎలా వెళ్ళిపోతాం?

లోపలికి అడుగుపెట్టానో లేదో చేతిలో ఉడకబెట్టిన గోధుమల గిన్నె పెట్టారు. బాగున్నాయండీ. పంచదార సరిగ్గా పడింది, అక్రోట్లు కూడా దండిగా వేశారు. “దేవుడు క్షమించాలి ఆయన్ని” అన్నాను. చచ్చినవాళ్ళ పేర ఏదన్నా చేతిలో పెడితే థాంక్స్ అనకూడదు కదా, ఈ మాటే అని పుచ్చుకోవాలి. చిన్నప్పుడు ఓసారి అలా అన్నందుకు మా అమ్మ మూతి మీద ఒకటిచ్చుకుంది. అప్పట్నుంచీ అలవాటైపోయింది. ఎవరేం పెట్టినా ఆ మాట దానంతటదే వచ్చేస్తుంది.

సరే, నా గోల చెప్తాను వినండి. చెప్తే మీకే తెలుస్తుంది, నన్ను ఎందుకు గెంటెయ్యాలో.

మా ఇంట్లో ఇలాంటి పెట్టెలు పది ఉన్నాయి. అవునండీ, పది. రెండు గదుల ఫ్లాట్లో. తూర్పు జర్మనీ ఉన్న రోజుల్లో అక్కడ చేసినవి రెండు, చెక్ వాళ్ళవి మూడు, హంగరీది ఒకటి, మిగతావి ఎవడు చేశాడో వాడికే తెలియాలి. ఒకదాని మీద టీవీ ఉంది. ఒకదాని మీద గుడ్డ పరిచి చుట్టాలొస్తే కూర్చోబెడుతున్నాం. బాత్రూంలో కూడా ఒకటుంది, దాని సంగతి అడక్కండి.

పదోది ఈస్టర్ ముందు తెచ్చాను. దానికి చోటు లేదు. బాల్కనీలో మా ఆవిడ జాడీల అర ఉంది. కాల్చి పెట్టిన మిరపకాయలు, టమాటా పచ్చడి, కాలీఫ్లవర్ ఊరగాయ, చలికాలమంతా తినగా మిగిలినవి. వాటిని ఓ పూట మెట్ల దగ్గర పెట్టానంతే. సర్దుకున్నాక లోపల పెడదామని. మర్నాడు పక్కింటావిడ ఎదురై “జ్లతీనా, నీ మిరపకాయలు అమోఘం, బిల్డింగంతా తిన్నాం” అని మెచ్చుకుందట. మెచ్చుకుందండీ! మా ఆవిడ మొహం మీరు చూడాల్సింది.

అరవలేదు. అలిగితే బతిమాలుకునేవాణ్ణి, అది నాకు చేతనవును. చాలా శాంతంగా సంచి సర్దుకుంది. “మా అక్క దగ్గరికి, అసెనోవ్‌గ్రాద్ వెళ్తున్నా. పదకొండోది ఈ గడప దాటి లోపలికొచ్చిందంటే నేను మళ్ళీ లోపలికి రాను స్తమెన్” అంది. అంతే. ముప్ఫయ్యారేళ్ళ కాపురంలో ఆవిడ అన్న మాట తప్పింది ఒక్కటి చెప్పండి చూద్దాం. మీకెలా తెలుస్తుంది, నేనే చెప్తున్నా. ఒక్కటీ లేదు.

అప్పట్నుంచీ ఒక్కటి కొనలేదు. చూశారా, అలా చూడకండి, నిజంగానే కొనలేదు! సంతలో గెంచో అని ఒకడున్నాడు, పాత సామాను అమ్ముతాడు, ఒకప్పుడు మా బ్యాండులో డ్రమ్ములు కొట్టాడు. ఫోన్ చేస్తాడు. “ఒరేయ్ స్తమెన్, ఒకటొచ్చిందిరా, తాకితే కరెంటు కొట్టినట్టుంది, నీకోసం పక్కన పెట్టా.” తాకితే నిజంగానే కరెంటు కొడుతుంది, ఆ సంగతి వాడు చెప్పడు. ఫోన్ తీయడం మానేశాను. రొట్టె కోసం కూడా సంత వీధిలోంచి వెళ్ళట్లేదు, చర్చి చుట్టూ తిరిగి వెళ్తున్నాను. ఎంత పెద్దమనిషినైపోయానో! మొన్న జ్లతీనా ఫోన్ చేసి “ఆదివారం వస్తున్నా” అంది. గొంతులో కాస్త మెత్తదనం కూడా ఉంది.

అదే రోజు మీ ప్రకటన. మీ తువ్వాలు. మీ రెండు గుండీలు.

చూసి వద్దాం, కొనం కదా అనుకున్నాను. ఎవడో తెలీనివాడు కొని, వాల్వులు పీకేసి, చెక్కని కోళ్ళగూడు చేస్తాడేమో, అలా కాకుండా ఓ మంచి చోటు చూపిద్దాం అనుకున్నాను. బాగుచేసి ఇంకొకరికి అమ్మేస్తే గడప దాటినట్టు కాదు కదా, గెంచో కొట్లో పెట్టుకోవచ్చు కదా అనుకున్నాను. మా పెట్టెల పిచ్చోళ్ళకి తెలివి ఎక్కువండీ. కాకపోతే అంతా ఒకవైపే పారుతుంది.

ఇక్కడికొచ్చి ఆ తువ్వాలు తీసి చూద్దును కదా... ఏమని చెప్పను?

ఇది నాకు తెలుసు. పైన కుడి మూల కాలిన మచ్చ ఉంది చూశారా, అది సిగరెట్టు. మీ ఆయనదే. వాయిస్తూ వాయిస్తూ వెలిగించిన సిగరెట్టు అక్కడ పెట్టి మర్చిపోయేవాడు. సముద్రం ఒడ్డున, వేసవి సీజన్లో. అతని బ్యాండు పక్క హోటల్ డాబా మీద, మేం ఇటు మా డాబా మీద. మధ్యలో ఓ గోడ, ఓ అంజూరు చెట్టు. మాకు విరామం ఇచ్చినప్పుడల్లా నేను బీరు తీసుకుని ఆ గోడ కిందకొచ్చి నిలబడేవాణ్ణి. మా వాళ్ళు నవ్వేవాళ్ళు, అటు ఏ పిల్లనో చూస్తున్నాననుకుని. పిల్ల కాదు మహాప్రభో, ఈ పెట్టె!

అతను ఆ పైతీగ మీద వేలు వేస్తే వేడి పెనం మీద నీటి చుక్క పడ్డట్టుండేది. చుయ్‌మని. సన్నగా, నిప్పులాగా. కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి నాకు. మా బ్యాండులో నా పెట్టెలోంచి వచ్చేది బస్సు హారన్. సిగ్గు విడిచి ఒకరోజు అడిగాను. “ఏం పెట్టె బాబూ అది?” “వార్నాలో ఓ రేడియో మెకానిక్ వాళ్ళమ్మ బీరువా చెక్కతో చేశాడు. ఇంకోటి చెయ్యలేదు. ముట్టుకోకు” అన్నాడు. ముట్టుకోనివ్వలేదండీ! గుండీ కూడా తిప్పనివ్వలేదు. నవ్వుతున్నారా? అవును కదా, అలాంటివాడే కదా మీ ఆయన.

అప్పట్నుంచీ నేను వెతుకుతున్నది ఇదే. ఆ పది పెట్టెలూ దీని కోసమే. ఒక్కోటీ తెచ్చేటప్పుడు ఇదిగో ఇందులో ఉండొచ్చు ఆ చుయ్‌మనేది అనుకుంటూ తెచ్చాను.

అదేంటి, కిటికీ వేసేశారు? ఉక్కగా ఉంది కదా, ఉండనివ్వండి.

ఏం గోల?

వానకోయిలలా? ఇప్పుడా? ఇప్పుడు అరుస్తున్నాయా?

అవును, అదిగో తిరుగుతున్నాయి. గుంపు గుంపంతా. కనిపిస్తున్నాయి. నోళ్ళు కూడా తెరుస్తున్నాయి కదూ.

ఏం లేదండీ. ఏం లేదు. కూర్చోండి.

పోయినేడు నేను జ్లతీనాతో అన్నాను, ఏంటే ఈసారి వానకోయిలలు రాలేదు, వేసవి మొత్తం చప్పుడే లేదు అని. ఆవిడ బాల్కనీలో మిరపకాయలు కాలుస్తోంది. తలెత్తి పైకి చూసింది. తర్వాత నా మొహం చూసింది. రాత్రి అన్నం దగ్గర మాత్రం, “స్తమెన్, పెట్టెలో లేదు లోపం” అంది.

నాకు ఒళ్ళు మండింది. పెట్టెల గురించి దీనికేం తెలుసని! ఎందుకంటే, తెచ్చిన ప్రతిదాంట్లోనూ ఒకటే జబ్బండీ, ట్రెబుల్, అదే ఆ సన్నటి పైస్థాయి, ఉండదు. గిటారు మీద కంబళి కప్పినట్టు వినిపిస్తుంది. వాల్వులు మార్చాను, స్పీకర్లు మార్చాను, వైర్లన్నీ పీకి మళ్ళీ అతికాను. కంబళి పోదే! పాతసామాన్లు అంతే, మోసం చేశారు అనుకుని ఇంకోటి తెచ్చాను. దానికీ కంబళి. ఇంకోటి. తెచ్చినప్పుడల్లా ఆవిడ అడుగుతుంది, “ఈసారి దీనికేం జబ్బు?” అని. “ట్రెబుల్ చచ్చింది” అంటాను. చెవుల డాక్టరు దగ్గరికి రమ్మంది, నేను తీసుకెళ్తా, చెయ్యి పట్టుకుని తీసుకెళ్తా అంది. వెళ్ళానా? వెళ్ళి గెంచో దగ్గర పదోది తెచ్చాను.

ఇప్పుడర్థమైందా ప్లగ్గు ఎందుకు పెట్టొద్దన్నానో? వింటే మనసాగక కొనేస్తానని కాదండీ. మీరలా అనుకుంటున్నారని తెలిసీ ఊరుకున్నాను. పరువుగా ఉంటుంది కదా అని.

ఆ పదింటికీ నేను వంక పెట్టగలిగాను. దీనికి పెట్టలేను. దీన్ని నేను విన్నాను, దీని గొంతు నాకు తెలుసు. మీరు ప్లగ్గు పెట్టాక దీంట్లోంచి కూడా కంబళే వచ్చిందనుకోండి, అప్పుడిక ఎవర్ని తిట్టను? ప్లగ్గు బయట ఉన్నంతసేపూ ఆ గొంతు ఎక్కడో ఉంది. నాకు దొరకలేదంతే. దొరకని వస్తువు మీద బతకొచ్చండీ. ఇన్నాళ్ళూ అలాగే బతికాను.

అయ్యో! పెట్టేశారా?

ఏమ్మా, ఇంత చెప్పాక కూడానా... సరే. సరేలెండి. మీకూ వినాలనుంది. నలభై రోజుల్నుంచీ ఇల్లు చప్పుడు లేకుండా ఉంది కదా, నాకా మాత్రం తట్టలేదు. క్షమించండి.

ఇప్పుడే రాదు, ఆగండి. వాల్వులు వెచ్చబడాలి. వెనకనుంచి చూడండి, ఎర్రబడుతున్నాయి. ఆపేయండి అనడానికి నాకింకా టైముంది. అనను. చూశారా, అనట్లేదు.

గిటారు ఇటివ్వండి. ఓహో, ఇది కూడా అదేనా. తీగలు తుప్పు పట్టలేదే, ఈ మధ్యే మార్చాడా? ఆసుపత్రికి వెళ్ళేముందా. నయమవుతుందనుకునే మార్చుకుని ఉంటాడు. సరే. ముట్టుకుంటున్నానయ్యా లాచెజార్, కోప్పడకు.

ఊఁ.

...

మళ్ళీ.

కాఫీ కప్పు చూడండి. పైన మీగడ వణుకుతోంది, గుండ్రంగా, గుండ్రంగా. అంటే గట్టిగానే మోగుతోంది. నా మోకాలికి కూడా తగులుతోంది. కింది తీగలు బాగానే ఉన్నాయి. ఇది ట్రెబుల్ గుండీ. చివరిదాకా తిప్పాను. ఇదిగో పైతీగ.

ఇదే వాయించాను కదా? వేలు పడింది కదా?

నెవేనా గారూ? అయ్యయ్యో, కూర్చోండి, కూర్చోండమ్మా. ఆ రుమాలు తీసుకోండి. ఏమైంది? అలాగే ఉందా? ఆయన వాయించినట్టే ఉందా? చుయ్‌మంటోందా? మీరు తలకాయ ఆడించండి చాలు.

ఉంది.

సరే, అయితే. బాగుంది. పెట్టె బతికే ఉందన్నమాట.

ఇంకోసారా? వాయిస్తాను, దానికేముంది. ఏం వాయించమంటారు? సముద్రం దగ్గర చివర్లో ఒకటి వాయించేవాడు, నెమ్మదిగా ఉంటుంది, జంటలంతా లేచేవాళ్ళు. అదేనా? వేళ్ళకి గుర్తుంది. మీరు కళ్ళు మూసుకోండి. నేను మిమ్మల్ని చూస్తూ వాయిస్తాను. ఎక్కడైనా తప్పు పోతే మీ మొహంలో తెలుస్తుంది నాకు.

...

నాకా? వినిపించిందండీ. బాగానే వినిపించింది. కంబళి కిందనుంచి.

లేదులెండి, నీళ్ళు వద్దు. ఇక వెళ్తాను. ఆదివారానికి బాల్కనీ కడగాలి. దీన్ని మీరే ఉంచుకోండి, నా మాట వినండి. బరువైతే ఏంటి, మీ మీద కూర్చుంటోందా? ఎవరినైనా పిలిచి అప్పుడప్పుడూ మోగించుకోండి. ఈ ప్లోవ్‌దివ్‌లో గిటారు వాయించేవాళ్ళకి కరువా? చెవులున్నవాళ్ళని పిలవండి.

ఏంటి? మళ్ళీ చెప్పండి. ఇటు తిరిగి చెప్పండి.

డబ్బొద్దా? అదేంటమ్మా, ఊరికే ఇచ్చేస్తానంటారేంటి, నేనసలు కొననే కొనను అంటుంటే. ఆయన ఆత్మ కోసమా? లాచెజార్ పేర?

దేవుడు క్షమించాలి ఆయన్ని.

అయ్యో.

అనేశాను. అనేశానా? చూశారా, చూశారా ఈ నోరు! మా అమ్మ పెట్టిన దెబ్బ ఇప్పటిదాకా పనిచేస్తోంది. పుచ్చుకోను అనొచ్చా ఇప్పుడు? ఆ మాట అన్నాక? చచ్చినవాడి పేర ఇచ్చింది వద్దని తోసేసిన వాణ్ణి ఈ ఊళ్ళో మీరెప్పుడైనా చూశారా? నేను చూళ్ళేదు. పది పెట్టెల దగ్గర ఎంత బేరమాడాను! ఇది కొననని ఎన్ని వీధులు చుట్టు తిరిగాను! ఊరికే ఇస్తారని మాత్రం ఊహించలేదండీ. అటువైపు తలుపు వెయ్యడం మర్చిపోయాను.

ఆదివారం జ్లతీనా వస్తుంది. గుమ్మంలో సంచితో నిలబడి చూస్తుంది. ఆవిడ లెక్కపెట్టక్కర్లేదు, వాసన బట్టే కనిపెట్టేస్తుంది. “ఈసారి దీనికేం జబ్బు?” అంటుంది.

“దీనికేం జబ్బూ లేదు జ్లతీనా” అంటాను.

అప్పుడు తెలుస్తుంది ఆవిడకి, జబ్బు నా చెవులదేనని ఒప్పుకున్నానని. నేను డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చానన్నట్టే లెక్క. సంతోషించాలి నిజానికి. కానీ అన్న మాట అన్నట్టే చేస్తుంది, నేను చెప్పాను కదా, తప్పదు. సంచి కింద పెట్టదు. జాడీల కోసం కూడా లోపలికి రాదు.

సరే, పట్టండి ఆ వైపు. వద్దులెండి, మీ నడుము విరుగుతుంది, నేనే ఎత్తుకుంటాను. అబ్బా! “చాలా బరువు” అని రాశారు, అబద్ధం రాయలేదు. లిఫ్ట్ పాడైంది కదా, వచ్చేటప్పుడు చూశాను. మెట్ల మీదే దింపాలి. పెట్టె అడ్డమొచ్చి నాకు అడుగులు కనిపించవు, మీరు నాలుగు మెట్లు ముందు నడవండి. ఎక్కడైనా మెట్టు విరిగి ఉంటే చెప్పండి.

గట్టిగా అరవక్కర్లేదు. అటు తిరిగి మాత్రం చెప్పకండి. ఇటు తిరిగి, నా మొహం చూస్తూ చెప్పండి.